లైటు ఆర్పిన పదకొండు నిమిషాలు

ధ్రువ నక్షత్రం కనిపించక అప్పటికి ఇరవై రెండు రోజులైంది. పెరట్లోంచి చూస్తే అది మరీ ఎత్తున ఉండే చుక్క కాదు. పక్కింటి పిట్టగోడకి రెండు జానలు పైన, ఉండీ లేనట్టు ఉండేది. ఆ ఇంటి మీద రెండో అంతస్తు మొదలుపెట్టాక ముందు కడ్డీలు లేచాయి, తర్వాత ఇటుకలు లేచాయి, ఒక సాయంత్రం చూసేసరికి చుక్క ఉండాల్సిన చోట గోడ ఉంది.

కళ్ళజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. ఇరవై ఏడేళ్లుగా అదే పని కాబట్టి వీధివీధంతా ఆమెని అద్దాలక్క అనే అంటుంది. పెరట్లో టెలిస్కోపుకి ఉన్న అద్దం కూడా తను చేత్తో అరగదీసుకున్నదే. భర్త బస్సు డ్రైవరుగా చేసి, మోకాళ్లు అరిగి ఇంట్లో కూర్చున్న మనిషి. అద్దానికి బదులు తన మోకాళ్లకి పాలిష్ పెట్టి ఉంటే పుణ్యమైనా దక్కేదని ఆయన అంటుంటాడు.

ఆ వారం ఆమెకి తొందరగా ఉంది. పడమట ఒక తోకచుక్క వచ్చింది. పొద్దు వాలాక గంటన్నర సేపు కనిపించి దిగిపోతుంది. ఇంకో ఐదు రోజులు పోతే అదీ ఉండదు. దాన్ని ఫొటో తీయాలంటే టెలిస్కోపు ఆకాశంతోపాటు తిరగాలి. అది సరిగ్గా తిరగాలంటే స్టాండు ఇరుసు ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టి ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఫొటోలో చుక్కలు చుక్కల్లా రావు, గీతల్లా వస్తాయి.

ఆ నక్షత్రం కనబడనప్పుడు ఇంకో దారి ఉంది. అది ఓపికకి పరీక్ష. దక్షిణాన, ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దిగినట్టు ఊహించుకునే గీతకి దగ్గరగా ఉన్న చుక్కని ఒకదాన్ని పట్టుకోవాలి. కన్ను పెట్టే గొట్టంలో ఆమె బిగించుకున్న రెండు సన్నటి రాగి తీగలు అడ్డంగా, నిలువుగా ఉంటాయి. అవి కలిసే చోట చుక్కని నిలబెట్టి, టెలిస్కోపుని తిప్పే మోటారు ఆన్ చేసి, కన్ను తీయకుండా చూస్తూ ఉండాలి. చుక్క దక్షిణానికి జారిందంటే ఇరుసు తూర్పుకి ఎక్కువ తిరిగిందని, ఉత్తరానికి జారితే పడమటికి ఎక్కువైందని లెక్క. ఎటు జారితే దానికి తగ్గట్టు స్టాండు కింద మర పావు చుట్టు తిప్పి, మళ్ళీ చుక్కని మధ్యకి తెచ్చి, మళ్ళీ చూడాలి. తర్వాత తూర్పున కింద ఉన్న చుక్కతో ఎత్తు సరిచూసుకోవాలి. ప్రతిసారీ ఎన్నింటికి మొదలుపెట్టిందీ, ఎన్నింటికి ఎటు జారిందీ నోటు పుస్తకంలో రాసుకుంటుంది. గొట్టంలో లేని రెండో కంటితో గడియారం చూస్తూ, పుస్తకం చూడకుండానే రాయడం అలవాటు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, అంకెలు మాత్రం విడివిడిగా ఉంటాయి.

ఆ సాయంత్రం ఏడు కాకముందే కూర్చుంది. రెండుసార్లు దక్షిణానికే జారింది. మూడోసారి మర తిప్పి కన్ను పెట్టేసరికి గొట్టం నిండా తెల్లటి వెలుగు వచ్చిపడింది. పక్కింటి పైఅంతస్తులో, వెదురు బొంగుకి కట్టిన పెద్ద లైటు వేశారు. పగలు కరెంటు పోయిందట, ఆగిన పని ఇప్పుడు పూర్తిచేస్తున్నారు. ఇద్దరు మనుషులు సిమెంటు తట్టలు అందుకుంటున్నారు. అంచున అడ్డుకర్ర లేదు. ఆమె రోజూ అటే చూస్తుంది కనక అడ్డుకర్ర లేదన్న సంగతి ఆమెకి కొత్త కాదు.

గోడ దగ్గరకెళ్లి ఆ పని చేయిస్తున్న కాంట్రాక్టర్ని పిలిచింది. ఓ పావుగంట లైటు ఆపితే తన పని అయిపోతుందని అడిగింది. అతను మర్యాదస్తుడే. దానికేముంది అక్కా, మనం మనం పక్కపక్కన పనిచేసుకునేవాళ్లం అన్నాడు. పైకి చూసి కేకేశాడు. లైటు ఆరిపోయింది. ఆమె వెనక్కి వచ్చి కూర్చుని, 7.12 లైటు ఆపారు అని రాసుకుంది.

చుక్క ఈసారి బాగా నిలబడింది. తీగ మీద కూర్చున్న పిట్టలా కదలకుండా ఉంది. పైనుంచి ఎవరో చీకట్లో ఏమీ కనబడట్లేదని అన్నారు. కాంట్రాక్టరు గొంతు వినబడింది. "లైటు లేకపోతే చేతులు పనిచేయవా? కలిపిన సిమెంటు మాలు గట్టిపడిపోతుంది. ఆ నాలుగు తట్టలూ లాగేయండి."

ఆమె ఆ మాట విన్నది. విని, కన్ను తీయలేదు. ఇప్పుడు కన్ను తీస్తే మొదటికొస్తుంది.

7.19కి దబ్బుమని చప్పుడైంది. బస్తా కింద పడేసినట్టు ఉంది. అరుపు లేదు. చుక్క అప్పుడే కొంచెం ఉత్తరానికి జారుతున్నట్టు అనిపించింది, జారుతోందా తన కన్నే అలిసిందా తెలియలేదు. చూస్తూ ఉంది. గోడ అవతల ఎవరో పరుగెత్తారు. చూస్తూనే ఉంది. చుక్క తీగ మీదే ఉంది, జారలేదు. 7.23 అని రాస్తుండగా మళ్ళీ ఆ తెల్లటి వెలుగు పెరట్లోకి వచ్చిపడింది, అప్పుడు తల ఎత్తింది.

లేచి గోడ మీంచి చూస్తే, అవతల ఇసక కుప్ప పక్కన ఒక మనిషి ఒత్తిగిలి పడి ఉన్నాడు. అందరూ పొడుగోడు అని పిలిచే మనిషి. నాలుగైదు రోజుల కిందట గోడ మీంచి తొంగిచూసి, అందులో ఏం కనిపిస్తాయమ్మా అని అడిగాడు. ఖాళీగా ఉన్నప్పుడు చూపిస్తానంది ఆమె.

*

తెల్లారేసరికి వీధిలో కథ తయారై ఉంది. దాన్ని ఆమె భర్త డ్రైవరు టీకొట్టు నుంచి మోసుకొచ్చాడు. పొడుగోడు ఆసుపత్రికి వెళ్లే దారిలోనే పోయాడు. పని ఐదున్నరకే ఆపేశారట. అందరూ వెళ్లిపోయాక వాడు తాగి, పైనున్న రాగి వైరు ఎత్తుకుపోదామని చీకట్లో ఎక్కాడట.

"నువ్వు లైటు ఆపమన్నావు కదా," అన్నాడు డ్రైవరు గ్లాసు కింద పెట్టి. "ఆ టైముకి అక్కడ లైటే లేదంటున్నారు."

ఆమె చెప్పులేసుకుని షాపుకి వెళ్లింది. ఆ పూట ఆరు జతల అద్దాలు చేయాలి. సానరాయి మీద నీళ్లు పడుతుంటే అద్దం అంచుని మెల్లగా తిప్పుతూ ఫ్రేము కొలతకి తేవాలి. మూడో జతలో ఎడమ అద్దం అంచు పెచ్చు లేచింది. ఇంకోటి తీసింది. అదీ లేచింది. షాపు యజమాని పక్కకొచ్చి, ఒంట్లో బాగోలేదా అని అడిగాడు. రెండు అద్దాలు ఒకే రోజు పాడుచేయడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కాంట్రాక్టరు ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. కళ్ల కింద నల్లగా ఉంది. అతనూ నిద్రపోలేదని తెలుస్తోంది. డ్రైవరు మంచినీళ్లు ఇచ్చాడు. కాంట్రాక్టరు పొడుగోడి గురించి బాధపడ్డాడు, పనిమంతుడన్నాడు, పాడు అలవాటొక్కటే కొంప ముంచిందన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"అక్కా, మీరు లైటు ఆపమన్న సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పను కూడా. పోలీసోళ్లకి తీగ దొరికితే డొంకంతా లాగుతారు. ఈ వయసులో మీకెందుకా తిరుగుడు?"

ఆమె అతని చేతులు చూస్తోంది. గోళ్ల సందుల్లో సిమెంటు ఉంది. పొడుగోడు నిజంగా తాగాడా అని అడిగింది. అతను గ్లాసులో మిగిలిన నీళ్లు తాగేశాడు. లేస్తూ లేస్తూ, పెరట్లో మీ యంత్రం కింద మట్టి కుంగుతోందేమో, స్టాండు కదులుతోందని అన్నయ్యగారు అన్నారు, రేపు మా మేస్త్రిని పంపి దాని కింద మంచి దిమ్మె కట్టిస్తాను, ఎప్పటికీ కదలదు అన్నాడు. డబ్బు మాట ఎత్తలేదు. మనుషుల్ని ఎలా పట్టుకోవాలో అతనికి తెలుసు.

అతను వెళ్లాక డ్రైవరు మోకాళ్లు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

"ఇరవై ఎనిమిదేళ్లు బస్సు నడిపాను," అన్నాడు. "ఒక్కసారి ఒకడు వెనక చక్రం కింద పడ్డాడు. నా తప్పు లేదన్నారు. అయినా నెల రోజులు స్టేషను చుట్టూ తిరిగాను. నువ్వు తిరగలేవు."

"నీ తప్పు లేదు," అంది ఆమె. "నేనైతే విన్నాను కదా."

ఏం విన్నావని ఆయన అడగలేదు. అడిగితే తనూ విన్నవాడవుతాడు.

*

మర్నాడు షాపుకి సెలవు పెట్టింది. పొద్దున్నే తాపీమేస్త్రి ఒక్కడే పార, తట్ట, గునపం పట్టుకుని వచ్చాడు. వద్దని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది గానీ అతను అప్పటికే గునపం దించాడు. మోకాలి లోతు గొయ్యి తవ్వాడు. మట్టి ఒకవైపు, రాళ్లు ఒకవైపు వేశాడు. తల వంచుకునే పనిచేస్తున్నాడు. ఆమె మంచినీళ్ల చెంబు ఇస్తే గొయ్యి అంచున కూర్చుని తాగాడు.

తాగుడు మాట నిజమేనా అని ఆమె అడిగింది.

మేస్త్రి చెంబు లోపలికి చూశాడు. "వాడికి పుల్లటి మజ్జిగ తాగినా కడుపునొప్పి వచ్చేదమ్మా," అన్నాడు. తర్వాత చెప్పాడు. నిన్న కాంట్రాక్టరు అందరినీ వరసగా నిలబెట్టి కాగితం మీద వేలిముద్రలు వేయించుకున్నాడు. ఐదున్నరకి పని ఆపామని అందులో ఉంది. తనూ వేశాడు. ఇంకా రెండు చోట్ల ఇదే కాంట్రాక్టరు దగ్గర పని ఉంది, ఇంట్లో ఐదుగురు తినేవాళ్లున్నారు. ఆ రాత్రి పొడుగోడి పక్కన తట్టలు అందిస్తున్నది తనేనని కూడా చెప్పాడు. చీకట్లో తట్ట అందించాడు, అవతల చేతులు తగల్లేదు.

చెంబు తిరిగి ఇచ్చేసి కంకర కలపడం మొదలుపెట్టాడు. గోడ అవతలి నుంచి తెచ్చుకున్న ఇసక మధ్యలో గుంట చేసి, సిమెంటు పోసి, నీళ్లు వంచి, పారతో తిరగేస్తున్నాడు. ఆమె అక్కడే నిలబడి చూసింది. నాలుగు తట్టలు పడ్డాయి గోతిలో. ఐదోది ఎత్తబోతుంటే, ఇక చాలు, వెళ్లిపొమ్మంది. పూర్తికాలేదు కదమ్మా అన్నాడు. పూర్తికానక్కర్లేదంది.

అతను సామాను సర్దుకుని వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. ఎవరికో దారిచ్చాడు, తల ఇంకా దించుకున్నాడు. లోపలికి వచ్చిన మనిషి పొడుగోడి భార్య.

ఆమె పొట్టిగా, బిగువుగా ఉంది. వయసు ముప్పై దాటదు. వీధిలో ప్రతి ఇంటి తలుపూ తట్టుకుంటూ వస్తోంది. డ్రైవరు అరుగు మీద ఉన్నాడు. తను ఆ వేళకి లోపల ఉన్నానని, ఏమీ చూడలేదని ఆమెతో చెబుతున్నాడు. ఆమె తలాడిస్తోంది. అన్ని ఇళ్లలోనూ అదే మాట విని ఉంటుంది. దండం పెట్టి వెనక్కి తిరగబోయింది.

అద్దాలక్క పెరట్లోంచి వచ్చింది. ఏం కావాలమ్మా అంది.

"ఒక్క మాట అక్కా. మొన్న రాత్రి ఆ పైన లైటు వెలుగుతోందా? వెలుగుతుంటే పని ఉన్నట్టు. లేకపోతే దొంగతనానికి ఎక్కినట్టు. నా పిల్లతో బళ్లో అప్పుడే అంటున్నారు, మీ నాన్న దొంగ అని."

"వెలిగింది. ఏడుంపావు దాకా వెలిగింది," అంది అద్దాలక్క. "నేను ఆపమన్నాను."

డ్రైవరు కూర్చున్నచోటే కదిలాడు. ఆమె ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. తను టెలిస్కోపు సర్దుకోవడానికి లైటు ఆపమన్నదీ, కాంట్రాక్టరు చీకట్లోనే తట్టలు లాగమన్నదీ, అది తన చెవులతో విన్నదీ చెప్పింది. చప్పుడు వినబడిందని చెప్పింది. చప్పుడయ్యాక కూడా నాలుగు నిమిషాలు తల ఎత్తలేదని చెప్పింది. చుక్కని చూస్తున్నాను అంది. ఆ మాట బయటికొచ్చాక ఎంత చిన్నదిగా ఉందో ఆమెకే వినబడింది.

పొడుగోడి భార్య ఆమె వైపు ఒక అడుగు వేసింది. కొడుతుందేమోనని డ్రైవరు లేచి నిలబడ్డాడు. ఆమె కొట్టలేదు. కొంగు చివర పళ్ల మధ్య పెట్టుకుని, ఊపిరి పీల్చుకుని వదిలింది.

"ఈ మాట స్టేషన్లో చెప్తారా?" అంది.

*

స్టేషన్లో కాగితాలు రాసే రైటరు పెద్ద వయసు మనిషి. కళ్లజోడు ఒక కాడ విరిగితే దారం కట్టుకున్నాడు. అద్దాలక్క చెబుతుంటే రాస్తూ, మధ్యలో రెండుసార్లు తల ఎత్తి, ఇది రాయమంటారా, ఆలోచించుకోండి అన్నాడు. రాయమంది. నోటు పుస్తకం ముందు పెట్టింది. అంకెలు చూసి, చుక్క అంటే ఏంటి, మోటారు అంటే ఏంటి అని అడిగి, కాసేపు తల పట్టుకుని, చివరికి టైములు మాత్రం దించుకున్నాడు. సంతకం పెట్టించుకుని కాంట్రాక్టర్ని పిలిపించాడు.

గంటలో వచ్చాడు అతను. బల్ల ముందు నిలబడి, రైటరు చదివినదంతా విన్నాడు. ఒక పక్క గోడవారగా బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్లు, వాళ్లకి కొంచెం దూరంలో డ్రైవరు. కాంట్రాక్టరు ముందు వాళ్ల వైపు చూశాడు, తర్వాత నోటు పుస్తకం వైపు చూశాడు. అతని ముఖంలో కంగారు వచ్చి, మెల్లగా పోయింది. ఒక లెక్క కుదిరినవాడిలా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీ దగ్గర దాచేదేముంది సార్," అన్నాడు. "ఆడమనిషి, పెద్దావిడ, ఎందుకు ఇరికించడం అని నోరు మూసుకున్నాను. ఆవిడే ఒప్పుకుంటే నాకేంటి? పని జరుగుతోంది. లైటు కూడా ఉంది. నేను నా కుర్రాళ్లతో సక్రమంగా పని చేయించుకుంటున్నాను. ఈవిడొచ్చి గోడ దగ్గర నిలబడి లైటు ఆపు, ఆపు అని గొడవ. పక్కింటివాళ్లు కదా అని ఆపాను. ఆపగానే వాడు పడ్డాడు. ఇందులో నా తప్పేముంది? రాయండి, ఆవిడ వల్లే పడ్డాడని రాయండి."

మరి చీకట్లో తట్టలు లాగమన్నావట కదా అన్నాడు రైటరు. నేను అనలేదు, అన్నానని సాక్ష్యమేది, దొంగ ముండ లైటు ఆపించి ఇప్పుడు నా మీద తోస్తోంది అన్నాడు అతను. మాట తూలినందుకు వెంటనే చెంపలు వేసుకున్నాడు.

డ్రైవరు పళ్లు కొరుకుతూ లేవబోతే అద్దాలక్క చేయి పట్టి ఆపింది. తన మీద వస్తుందని ఆమెకి తెలుసు. నిన్న సాయంత్రం అతను ముందుగదిలో కూర్చున్నప్పుడే తెలుసు.  

రైటరు రాసింది చదివి వినిపించాడు, కాంట్రాక్టరు సంతకం పెట్టాడు. కాగితం మడతపెట్టబోతుంటే పొడుగోడి భార్య లేచి బల్ల దగ్గరకి వచ్చింది.

"సార్, ఇంకోసారి చదవండి. మొదటి రెండు ముక్కలు చాలు."

రైటరు చదివాడు. సదరు తేదీన రాత్రి ఏడు గంటలప్పుడు నా సైటులో రెండో అంతస్తు పని జరుగుతున్నది.

"పని జరుగుతోందని ఆయనే అన్నాడా?"

"అన్నాడు."

"సంతకం ఆయనదేనా?"

రైటరు కళ్లజోడు తీసి ఆమెని చూశాడు, తర్వాత కాంట్రాక్టర్ని చూశాడు. ఐదున్నరకి పని ఆపామని అందరి వేలిముద్రలూ వేయించిన కాగితం ఫైలులో పైనే ఉంది. దాన్ని తీసి, ఈ కాగితం పక్కన పెట్టాడు. కాంట్రాక్టరు రెండూ చూశాడు. అది వేరే సంగతి సార్ అని మొదలుపెట్టాడు, మధ్యలో ఆగాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. ఎవరూ అతన్ని ఆపలేదు. 

"కూర్చోవయ్యా," అన్నాడు రైటరు. "ఇంకా రాసేది ఉంది."

అద్దాలక్కనీ వదలలేదు. లైటు ఆపమన్న మాటకి మీ పేరు కూడా ఉంటుంది, పిలిచినప్పుడల్లా రావాలి, ఊరు దాటి వెళ్లకూడదు అని చెప్పాడు. సరేనంది. నోటు పుస్తకం అక్కడే ఉంచుకున్నారు.

బయట ఎండగా ఉంది. డ్రైవరు మెట్లు ఒక్కొక్కటే దిగుతున్నాడు. పొడుగోడి భార్య గేటు దగ్గర నిలబడి ఉంది. అద్దాలక్క ఆమె దగ్గరకి వెళ్లి ఏదో అనబోయింది. క్షమించమనడానికి మాటలు కూడబలుక్కుంది గానీ ఆ ముఖం చూశాక వాటిని మింగేసింది.

"మీరు ఆ లైటు ఆపమనకుండా ఉండాల్సింది," అంది పొడుగోడి భార్య. గొంతులో కోపం లేదు, దయా లేదు. ఒక జరిగిపోయిన పని గురించి చెప్పినట్టు చెప్పింది. తర్వాత, "ఆసుపత్రిలో శవాన్ని ఇస్తామన్నారు. నాతో పాటు ఇంకో మనిషి సంతకం కావాలట. పనివాళ్లెవరూ రాలేదు. వస్తారా?" అంది.

ఆసుపత్రి వెనక గదిలో గుమాస్తా పెద్ద రిజిస్టరు తిప్పి ఇద్దరి ముందుకీ తోశాడు. భార్య తన గడిలో వేలిముద్ర వేసింది. రెండో వరసలో అద్దాలక్క పేరు, ఇంటి నంబరు రాసింది. గుమాస్తా చూసి, సంబంధం అన్న గడి ఖాళీగా ఉంచారు, చనిపోయినాయనకి మీరేమవుతారు అని అడిగాడు.

అద్దాలక్క కలం గడి మీద ఆగిపోయింది. వెనక వంతు కోసం నిలబడ్డవాళ్లెవరో దగ్గుతున్నారు.

"దగ్గరున్న మనిషి అని రాయండి," అంది పొడుగోడి భార్య. "పడేటప్పుడు దగ్గరున్నది ఆవిడే."

అద్దాలక్క రాసింది. లోపల్నుంచి శవాన్ని తెస్తున్న బండి చక్రాల చప్పుడు దగ్గరవుతోంది. ఒక చక్రం సరిగా తిరగక పక్కకి లాగుతోంది. ఆమె వెళ్లి బండిని రెండో వైపు పట్టుకుంది.